తిరుపతి ఎండలో కాఫీ ట్రఫుల్స్: చాక్లెట్ ఎందుకు మాట వినదు

కాఫీ చాక్లెట్ ట్రఫుల్స్ వీడియోలు ఏవి చూసినా ఒకటే కథ, క్రీమ్ వేడి చెయ్యండి, చాక్లెట్ ముక్కల మీద పొయ్యండి, కొంచెం కాఫీ పొడి కలపండి, ఫ్రిజ్‌లో పెట్టి ఉండలు చుట్టండి, అయిపోయింది. తీరా మనింట్లో మొదలుపెడితే ఒకరికి గిన్నె అంచుల్లో నూనె తేలుతుంది, ఇంకొకరికి కరుగుతా ఉన్న చాక్లెట్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి గరిటె తిరగదు, అన్నీ బాగా కుదిరినోళ్ళకేమో ఫ్రిజ్‌లోంచి తీసిన పావుగంటకే ఉండలన్నీ ప్లేట్లో చదునుగా కూలబడతాయి, ఇంకొందరు రెండ్రోజులకి పైన తెల్లగా రాగానే బూజు పట్టిందనుకుని మొత్తం చెత్తబుట్టలో వేసేస్తారు. అందరూ అనేది మాత్రం ఒకటే, రెసిపీ కరెక్ట్‌గానే ఫాలో అయ్యాను కదా అని.

అయ్యే ఉంటారు. ఆ రెసిపీ రాసినోళ్ళ ఇంట్లో ఉన్న చలి మనింట్లో లేదు, అదీ తిప్పలు. వాళ్ళు రూమ్ టెంపరేచర్‌లో ఉంచండి అన్నారంటే 18, 20 డిగ్రీలని లెక్క. మే నెలలో తిరుపతిలో మధ్యాహ్నం బయట 40 దాటుతుంది, వంటింట్లో స్టవ్ వెలిగించాక 35కి తగ్గడం కష్టం. చాక్లెట్‌ని గట్టిగా పట్టి ఉంచే కోకో బటర్ కరిగేదేమో 34 డిగ్రీల దగ్గర. అంటే మన వంటింటి గట్టు మీద చాక్లెట్ గట్టిగా ఉండాలని ఆశపడటమే అన్యాయం, దాని తప్పేం లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, ఏ చాక్లెట్ కొనాలి, క్రీమ్ ఎంత పొయ్యాలి, కాఫీ ఏ రూపంలో వెయ్యాలి, పైన పూత ఏది వెయ్యాలి అనేవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

విచిత్రం ఏందంటే, ఇంత ఎండలోనూ చాక్లెట్టూ కాఫీ రెండూ మన తిరుపతి జిల్లాలోనే ఫ్యాక్టరీల్లో తయారవుతున్నాయి. క్యాడ్‌బరీ చేసే మాండలీజ్ కంపెనీ 2016లో శ్రీసిటీలో పెద్ద ప్లాంట్ తెరిచింది, కాంటినెంటల్ కాఫీ వాళ్ళ సీసీఎల్ కంపెనీకి వరదయ్యపాళెం మండలంలో ఇన్‌స్టంట్ కాఫీ యూనిట్ ఉంది. కోకో పంటలో దేశంలో ఆంధ్రప్రదేశే ముందు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల మధ్య అంతర పంటగా వేస్తారు. కాఫీకి అరకు ఉండనే ఉంది, అక్కడి అరబికాకి 2019లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. సరుకుకి కొదవే లేదు. ఫ్యాక్టరీ వాళ్ళ దగ్గర ఉండి మన దగ్గర లేనిదల్లా చల్లగా, పొడిగా ఉండే గది.

గిన్నెలో అసలు ఏం జరుగుతుంది

ట్రఫుల్ లోపలి మెత్తటి భాగాన్ని గనాష్ అంటారు. ఉండేది చాక్లెట్, క్రీమ్, అంతే, కానీ ఊరికే కరిగించి కలిపిన ముద్ద అనుకుంటే పొరపాటు. క్రీమ్‌లో నీళ్ళున్నాయి, చాక్లెట్‌లో కొవ్వుంది, ఈ రెండూ మామూలుగా కలవవు. కొవ్వు సన్నటి బిందువులుగా విడిపోయి నీళ్ళల్లో సమానంగా పరుచుకుని అట్లాగే నిలబడాలి. దాన్నే ఎమల్షన్ అంటారు, మనం రోజూ తాగే పాలు కూడా ఎమల్షనే. క్రీమ్‌లోని పాల ప్రొటీన్లు, చాక్లెట్‌లో కంపెనీ వాళ్ళు కలిపే లెసితిన్, ఈ రెండూ ఆ బిందువులు మళ్ళీ ఒకదాన్నొకటి అంటుకోకుండా కాపలా కాస్తాయి, చక్కెర నీళ్ళల్లో కరిగి, కోకో పొడి తడి పీల్చుకుని చిక్కదనం ఇస్తాయి.

ఇది కళ్ళతో చూడొచ్చు. చాక్లెట్‌ని సన్నగా తరిగి, అంచుల్లో బుడగలు వచ్చేదాకా వేడి చేసిన క్రీమ్ దాని మీద పోసి, రెండు నిమిషాలు ముట్టుకోకుండా వదిలెయ్యండి. తర్వాత సిలికాన్ గరిటెతో గిన్నె నడిమధ్యలో మాత్రమే చిన్న చిన్న సుట్లు తిప్పండి. మొదట ఏమీ కలవదు, గోధుమరంగు నీళ్ళల్లో నల్ల తునకలు తేలతా చూడ్డానికే బాగుండదు, ఇదేందిరా అయిపోయింది మన పని అనిపిస్తుంది. తిప్పుతానే ఉండండి. కాసేపటికి మధ్యలో రూపాయి బిళ్ళంత జాగాలో నల్లగా, నిగనిగలాడతా, కొంచెం సాగే చిక్కటి మచ్చ పుడుతుంది. ఎమల్షన్ మొదలైంది అక్కడే. అక్కణ్ణించి సుట్టు కొంచెం కొంచెం పెద్దది చేసుకుంటా పోతే ఆ మెరుపు అంచుల దాకా పాకుతుంది. విస్క్ తీసుకుని బలంగా గిలకొడితే గాలి చేరుతుంది, అందుకే గరిటే మేలు.

విరిగిపోయేది ఎప్పుడంటే మరీ వేడి మీద ఉన్నప్పుడో, బాగా చల్లారాక బలంగా తిప్పినప్పుడో, లేదా అసలు కొవ్వు ఎక్కువైపోయి దాన్ని మోసేంత నీళ్ళు లేనప్పుడో. పెరుగు చిలికితే వెన్న విడిపోయి తేలినట్టే ఇక్కడ కోకో బటర్ విడిపోతుంది, గనాష్ గరగరగా కనిపించి అంచుల్లో పసుపచ్చటి నూనె చేరుతుంది. అప్పుడు చాలామంది పల్చగా అయిందనుకుని ఇంకో రెండు ముక్కల చాక్లెట్ వేస్తారు, దాంతో కొవ్వు ఇంకా పెరిగి ఉన్నది కూడా చెడుతుంది. కావాల్సింది చాక్లెట్ కాదు, తడి. గోరువెచ్చటి పాలు ఒక్క చెంచా పోసి మళ్ళీ మధ్యలోంచి తిప్పుకుంటా రండి, చాలకపోతే ఇంకో చెంచా. గనాష్ 35-40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఈ రిపేరు బాగా పనిచేస్తుంది. మన ఎండ మనకి ఉపకారం చేసే చోటు ఇదొక్కటే, గిన్నె అంత తొందరగా చల్లారదు కాబట్టి తీరిగ్గా కలుపుకోవచ్చు.

దీనికి పూర్తిగా ఉల్టా సమస్య ఇంకోటి ఉంది, చాక్లెట్ బిగుసుకుపోవడం. డబల్ బాయిలర్ మీద ఒట్టి చాక్లెట్ కరిగిస్తా ఉంటాం, కింద గిన్నెలోంచి ఆవిరి వచ్చి రెండు చుక్కలు పడతాయి, లేదా ఎవరో ఫ్లేవర్ కోసమని ఒక చెంచా డికాషన్ పోస్తారు. అంతే, నిగనిగలాడే చాక్లెట్ క్షణాల్లో మొరటు ముద్దయిపోతుంది. చాక్లెట్ అంటే కొవ్వులో తేలే పొడి చక్కెర, పొడి కోకో. కొంచెం తడి తగిలితే చక్కెర రేణువుల పైపై భాగం జిగురుగా మారి ఒకదానికొకటి అతుక్కుంటాయి. తమాషా ఏందంటే దీనికి మందు కూడా నీళ్ళే, చాక్లెట్ బరువులో దాదాపు నాలుగో వంతు తడి చేరితే ఆ చక్కెర కరిగి మళ్ళీ జారుగా అవుతుంది. కొంచెం నీళ్ళు శత్రువు, ఎక్కువ నీళ్ళు మిత్రుడు. అందుకే గనాష్‌లో డికాషన్ పోస్తే పర్వాలేదు గానీ పైపూతకి పెట్టుకున్న చాక్లెట్ దగ్గరికి తడి చెంచా కూడా రానీయకూడదు.

ఇక క్రీమ్. బయటి దేశాల రెసిపీల్లో క్రీమ్ అన్నారంటే 35 శాతం కొవ్వు ఉన్నది. మనకి ఏ సూపర్ మార్కెట్లో అయినా దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతం. తేడా అంతా నీళ్ళే. 200 గ్రాముల చాక్లెట్‌కి 100 గ్రాముల క్రీమ్ అని వాళ్ళు రాస్తే మన క్రీమ్‌తో అదే కొలత పోసినప్పుడు పది గ్రాముల దాకా నీళ్ళు ఎక్కువ పడతాయి, చలి దేశంలో అది లెక్కలోకి రాదు, మన దగ్గర ఆ పదే ఉండని నిలబెట్టేదీ పడేసేదీ. కాబట్టి క్రీమ్ కొంచెం తగ్గించి, ఆ లోటుకి కాస్త ఉప్పులేని వెన్న వేసుకోవాలి. వెన్న కూడా కరిగేదే కదా, దానివల్ల ఎండకి ఆగుతుందని కాదు, నోట్లో నునుపు పోకుండా ఉంటుందని. ఇంట్లో మీగడ ఉంది కదా అంటారు, ఉంటుంది, కానీ రోజూ తీసి పెట్టే మీగడలో తరకలుంటాయి, కొంచెం పులుపు ఉంటుంది, కొవ్వు ఎంతో లెక్క తెలీదు. దాన్ని నెయ్యికే వదిలెయ్యండి. కేకుల మీద వేసే తియ్యటి నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ కూడా వద్దు, అది పామ్ కొవ్వుతో చేసింది, పైగా తీపి కలిపేసి ఉంటుంది, కాఫీ చేదుతో మనం పెట్టుకున్న లెక్కంతా పోతుంది.

కాఫీ ఏది, ఏ రూపంలో

అసలు రుచంతా ఇక్కడుంది కాబట్టి కొంచెం ఎక్కువ మాట్లాడుకుందాం. చాక్లెట్టూ కాఫీ రెండూ వేయించిన గింజలే, వేయించినప్పుడు పుట్టే సువాసన పదార్థాలు కొన్ని రెండింట్లోనూ ఉంటాయి, అందుకే కాఫీ కొంచెం తగిలితే చాక్లెట్ ఇంకా చాక్లెట్‌గా అనిపిస్తుంది. ఎక్కువ తగిలితే చేదు మీద చేదు. చిటికెడు ఉప్పు ఆ చేదు అంచుని మొద్దుబారుస్తుంది, ఉప్పు మానెయ్యకండి.

తేలికైన దారి ఇన్‌స్టంట్. ఇన్‌స్టంట్ పొడి అంటే కాఫీ డికాషన్‌నే ఆరబెట్టింది, మొత్తం నీళ్ళల్లో కరిగిపోతుంది, కొవ్వులో మాత్రం కరగదు. కాబట్టి కరిగిన చాక్లెట్‌లో నేరుగా చల్లితే పళ్ళకి రవ్వ తగుల్తుంది, వేడి క్రీమ్‌లో వేసి కరిగించి అప్పుడు చాక్లెట్ మీద పొయ్యాలి. మన ఎండలకి ఇదే మంచిది కూడా, ఎందుకంటే ఒక్క చుక్క నీళ్ళు కూడా పెరక్కుండా కాఫీ మొత్తం లోపలికి వచ్చేస్తుంది. డబ్బాల మధ్య తేడా ఉంది. వేడి గాలిలో పిచికారీ చేసి ఆరబెట్టే స్ప్రే డ్రైడ్ రకంలో వాసన కొంత ఎగిరిపోతుంది, గడ్డకట్టించి ఆరబెట్టే ఫ్రీజ్ డ్రైడ్ రకంలో ఎక్కువ నిలుస్తుంది, రేటు కూడా అట్లాగే ఉంటుంది. ఇంకో సంగతి, వెనక లేబుల్ చూడండి, కొన్ని డబ్బాల్లో ఒట్టి కాఫీ, కొన్నిట్లో కాఫీ 70, చికోరీ 30. ఈ చికోరీ గురించి మళ్ళీ వస్తాను.

ఇంకో దారి గింజల్ని క్రీమ్‌లో నానబెట్టడం. కాఫీ వాసనలో ఎక్కువ భాగం కొవ్వులో దిగుతుంది, క్రీమ్‌లో కొవ్వుంది, కాబట్టి నీళ్ళకంటే క్రీమ్ ఆ వాసనని బాగా పట్టుకుంటుంది. మన ఊళ్ళో గింజలు కళ్ళముందే మరపట్టి ఇచ్చే కాఫీ పొడి కొట్లు ఇంకా ఉన్నాయి, అక్కడికి పోయి వంద గ్రాములు కావాలంటే ఆయన అలవాటుగా అడుగుతాడు, "చికోరీ ఎంత కలపాలక్కా, ఇరవయ్యా ముప్పయ్యా?" "వద్దన్నా, ఒట్టి గింజలు చాలు, మర కూడా పట్టొద్దు" అంటే ఒక చూపు చూస్తాడు, "మర పట్టకుండా ఏం చేసుకుంటారు?" అని. 130 గ్రాముల క్రీమ్‌లో 15 గ్రాముల గింజల్ని రోకలితో ఒక్క దెబ్బ వేసి, రెండుగా మూడుగా పగిలితే చాలు, నలగ్గొట్టొద్దు, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున వడకట్టి మళ్ళీ తూకం వెయ్యండి, గింజలు కొంత క్రీమ్ పీల్చేసుకుంటాయి, అందుకే ముందే ఎక్కువ పోశాం. తొందరగా కావాలంటే వేడి క్రీమ్‌లో పది పదిహేను నిమిషాలు చాలు, అంతకంటే ఎక్కువసేపు వేడిలో ఉంచితే వాసనకంటే చేదు, వగరు ఎక్కువ దిగుతాయి. చల్లగా నానినదే నాకు నచ్చుతుంది, క్రీమ్ రంగు పెద్దగా మారదు, వాసన మాత్రం మూత తియ్యగానే కొడుతుంది. ఫిల్టర్ పొడిని మాత్రం క్రీమ్‌లో వెయ్యొద్దు, ఎంత పల్చటి గుడ్డలో వడకట్టినా నుసి మిగుల్తుంది.

డికాషన్ సంగతి. ఫిల్టర్‌లో దిగిన మొదటి చిక్కటి డికాషన్ రెండు చెంచాలు పోస్తే రుచి బ్రహ్మాండంగా ఉంటుంది, నిజమే, కానీ అది దాదాపు అంతా నీళ్ళు. ఆ మేరకి క్రీమ్ తగ్గించాలి, తగ్గిస్తే కొవ్వూ తగ్గుతుంది, అప్పుడు వెన్న పెంచాలి, ఇట్లా ఒకటి సర్దితే ఇంకోటి జారుతుంది. నీళ్ళు పెరిగితే నిలవ కూడా తగ్గుతుంది. డిసెంబర్‌లో చేసుకోండి, మేలో వద్దు సామీ.

ఇప్పుడు చికోరీ. ఇంగ్లిష్ రెసిపీలన్నీ మంచి అరబికా, ముదురు డార్క్ చాక్లెట్ అంటాయి. చేసి ఇంట్లో పెద్దోళ్ళకి పెడితే బాగుంది గానీ కాఫీ ఏదమ్మా అంటారు. వాళ్ళ నాలుకకి కాఫీ అంటే పాలు, చక్కెర, చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీ. మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేదాకా ఇక్కడి ఊళ్ళు చాలా తమిళనాడు వైపు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, మద్రాసు అలవాట్లు ఊరికే పోవు, ఇక్కడ పొద్దున కాఫీ పడకపోతే మాట పెగలని ఇళ్ళు ఎన్నో. చికోరీ అనేది వేయించిన వేరు, అందులో కెఫీన్ ఉండదు, మాడబెట్టిన చక్కెర మాదిరి చేదూ, ముదురు రంగూ, ఒక చిక్కదనమూ ఇస్తుంది. కాబట్టి నా లెక్క ఇది, తినేవాళ్ళు డార్క్ చాక్లెట్ ఇష్టపడేవాళ్ళయితే ఒట్టి కాఫీ, అరకుదో చిక్కమగళూరుదో. ఇంట్లోవాళ్ళు, చుట్టాలు అయితే మిల్క్ చాక్లెట్, చికోరీ కలిసిన ఇన్‌స్టంట్. రెండోది తిన్న ఎవరైనా మొదటి కొరుకులోనే ఇది ఫిల్టర్ కాఫీ అని చెప్పేస్తారు. చికోరీ తక్కువరకం అనే మాట టేస్టింగ్ టేబుల్ మీద చెల్లుతుందేమో, ట్రఫుల్‌లో నాకైతే అది ప్లస్సే.

కొంతమంది కాఫీ లిక్కర్ వెయ్యమంటారు. గుడికి పోయొచ్చే చుట్టాల చేతిలో పెట్టే ఊళ్ళో ఆ ముచ్చట ఎందుకులెండి.

కొలతలు

డార్క్ రకానికి 55 శాతం కోకో ఉన్న చాక్లెట్ 200 గ్రాములు, 25 శాతం క్రీమ్ 90 గ్రాములు, ఉప్పులేని వెన్న 15 గ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీ నాలుగు గ్రాములు అంటే సుమారు రెండు టీస్పూన్లు, చిటికెడు ఉప్పు. గింజలు నానబెట్టిన క్రీమ్ అయితే అదే 90 గ్రాములు, ఇన్‌స్టంట్ సగం చాలు. మిల్క్ చాక్లెట్‌లో కోకో తక్కువ, పాల కొవ్వు కలిసుంటుంది, స్వతహాగానే మెత్తన, అందుకని 200 గ్రాములకి క్రీమ్ 65-70కి మించొద్దు, వెన్న అక్కర్లేదు. వైట్ చాక్లెట్‌కి ఇంకా తక్కువ, 60 దగ్గర ఆపెయ్యండి. కప్పుల కొలత వద్దు, చిన్న డిజిటల్ కాటా కొనండి, ఎందుకంటే పది గ్రాముల తేడాకే ఉండ నిలబడదని పైన చూశాం కదా. వెన్న ఎప్పుడు వెయ్యాలంటే గనాష్ మొత్తం మెరుపు వచ్చి కొంచెం చల్లారాక, 35 దగ్గర.

రుచి చూసేటప్పుడు ఒక కిటుకు. వెచ్చగా ఉన్నప్పుడు కాఫీ ఘాటుగా, తీపి ఎక్కువగా తెలుస్తాయి, ఫ్రిజ్‌లో చల్లబడ్డాక రెండూ మందగిస్తాయి. మనం ఎట్లాగూ చల్లగానే తింటాం కాబట్టి వెచ్చటి గనాష్ కొంచెం స్ట్రాంగ్‌గా అనిపించాలి, అప్పుడే చల్లారాక సరిగ్గా ఉంటుంది. పిల్లలకి పెట్టొచ్చా అని అడుగుతారు, ఈ కొలతకి పాతిక ఉండల దాకా వస్తాయి, కాఫీ వల్ల ఒక్కోదాంట్లో పడే కెఫీన్ అయిదు మిల్లీగ్రాముల చుట్టూ, కప్పు కాఫీ ముందు అది చాలా తక్కువ, సాయంత్రం లోపల ఒకటి పెడితే చాలు.

గనాష్‌ని వెడల్పు ప్లేట్లో పల్చగా పరిచి, పైన పొర కట్టకుండా ప్లాస్టిక్ కవర్ అంటించి, నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి. చుట్టడం రెండు విడతల్లో, మొదట చెంచాతో ముద్దలు తీసి ప్లేట్లో పెట్టి ఇంకో ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో, తర్వాత ఆరారు తీసుకుంటా చుట్టడం. మన చేతులే పెద్ద పొయ్యి. చల్లనీళ్ళ కింద పెట్టి పూర్తిగా తుడుచుకుని, కోకో పొడి రాసుకుని, మూడు నాలుగు సుట్లలో ముగించండి, నున్నగా రావాలని తిప్పుతా కూర్చుంటే కరిగిపోతుంది. వంకరగా ఉంటే ఉండనీండి, ట్రఫుల్ అనేదే వంకర టింకర వస్తువు.

పైపూత అసలు పరీక్ష

కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు దాని స్ఫటికాలు ఆరు రకాలుగా అమరగలవు. 1966లో విల్, లట్టన్ అనే పరిశోధకులు వీటికి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు ఇచ్చారు. మనకి కావాల్సింది అయిదో రకం, మెరుపు, విరిస్తే టక్ మని శబ్దం, వేలికి అంటకపోవడం, అన్నీ దాని గుణాలే, కరిగేది 34 దగ్గర. నాలుగో రకం 27-28కే కరుగుతుంది, అందుకే చాక్లెట్‌ని ఊరికే కరిగించి ముంచి ఆరబెడితే మెత్తగా, మసకగా, మచ్చలుగా వస్తుంది. టెంపరింగ్ అంటే మిగతా రకాలు పుట్టకుండా అయిదో రకం విత్తనాలు మాత్రమే మిగిలేట్టు వేడిని నడపడం, అంతకుమించి మంత్రం ఏమీ లేదు. డార్క్‌ని 45-50 దాకా కరిగించి, 27-28కి దింపి, మళ్ళీ 31-32కి తేవాలి. మిల్క్‌కి ప్రతి మెట్టూ ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. ఇంట్లో తేలిక పద్ధతి, మూడింట రెండొంతులు కరిగించి, మిగతా వంతు సన్నగా తరిగి కొంచెం కొంచెం వేసి కలుపుకుంటా 32కి దింపడం, ఆ తరిగిన ముక్కల్లోని మంచి స్ఫటికాలే విత్తనాలు. కత్తి మొన ముంచి పక్కన పెడితే అయిదు నిమిషాల్లో మెరుస్తా గట్టిపడాలి.

ఇప్పుడు గది 36 డిగ్రీలు ఉందనుకోండి. 32కి దింపాల్సిన చాక్లెట్ గది గాలికంటే చల్లగా ఎట్లా అవుతుంది? కాదు. ఒకవేళ ఎట్లాగో దింపినా ఆ గాల్లో గట్టిపడదు. కాబట్టి ఏసీ 22లో పెట్టిన గది, లేదంటే డిసెంబర్, జనవరి తెల్లారుజాములు, ఈ రెండూ తప్ప టెంపరింగ్‌కి తిరుపతిలో దారి లేదు, మదనపల్లె వాళ్ళకి మనకంటే కొంచెం నయం.

అందుకే కాంపౌండ్ అనగానే ముక్కు చిట్లించేవాళ్ళ మాట నాకు సగమే నచ్చుతుంది. బేకరీ సామాన్ల షాపుల్లో ఎక్కువగా దొరికే ఆ కాంపౌండ్ బార్లలో కోకో బటర్ బదులు పామ్ కెర్నెల్ లాంటి నూనెల నుంచి చేసిన గట్టి కొవ్వు ఉంటుంది, లేబుల్ మీద వెజిటబుల్ ఫ్యాట్ అని రాస్తారు. దానికి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి ముంచితే చాలు గట్టిపడుతుంది, వేడి కూడా కొంచెం ఎక్కువ ఆగుతుంది. రుచిలో తక్కువే, నోట్లో మైనం పొర మిగుల్తుంది, ఆ మాట కాదనను. కాబట్టి గనాష్‌లో మాత్రం అసలు చాక్లెట్టే వాడాలి, అక్కడ పొదుపు చేస్తే కాఫీ కూడా దండగే. పైన పల్చటి పూత వరకు ఎండాకాలంలో కాంపౌండ్ తప్పు కాదు. ఒక్క జాగ్రత్త, రుచి కోసమని పూతలో కాంపౌండూ అసలు చాక్లెట్టూ సగం సగం కలపొద్దు. ఆ రెండు కొవ్వులకీ పడదు, కలిస్తే రెండింటికంటే మెత్తగా తయారై తొందరగా తెల్లబారుతుంది.

పూత పగలడం గురించి కూడా చెప్పాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన గడ్డ ఉండని వెచ్చటి చాక్లెట్‌లో ముంచితే బయట పెంకు ముందు బిగుస్తుంది, తర్వాత లోపలి ఉండ వెచ్చబడి ఉబ్బుతుంది, పెంకు పగిలి గనాష్ బయటికి కక్కుతుంది. ముంచే ముందు అయిదు నిమిషాలు బయట ఉంచడం ఒకటి, అంతకంటే బాగా పనిచేసేది అరచేతిలో కొంచెం కరిగిన చాక్లెట్ రాసుకుని ఉండని అందులో దొర్లించి పల్చటి తొలి పొర వేసి, అది ఆరాక రెండోసారి ముంచడం.

ఇవేవీ వద్దనుకుంటే కోకో పొడిలో దొర్లించెయ్యండి. 1828లో హాలండ్‌లో వాన్ హౌటెన్ పేరుతో పేటెంట్ అయిన ప్రెస్ కోకోలోంచి కొవ్వు పిండెయ్యబట్టే మనకి ఈ పొడి దొరుకుతోంది, కొవ్వు చాలావరకు పోయింది కాబట్టి ఎండకి కరగదు. నన్నడిగితే కాఫీ ట్రఫుల్‌కి ఇదే సరైన పూత, నాలుక మీద ముందు పొడి చేదు, వెంటనే మెత్తటి కాఫీ, మధ్యలో పెంకు అడ్డం రాదు. కోకో పొడిలో అర టీస్పూన్ మెత్తటి ఇన్‌స్టంట్ పొడి కలిపితే ఇంకా బాగుంటుంది, కానీ ఇన్‌స్టంట్ గాల్లో తేమ లాగి జిగురవుతుంది కాబట్టి అది తినే పూటే చెయ్యాలి.

తెల్ల మచ్చల సంగతి. అవి చాలాసార్లు బూజు కాదు. వేడికి కొవ్వు పైకి వచ్చి మళ్ళీ గడ్డకడితే ఒక రకం తెలుపు, వేలితో రుద్దితే జిడ్డుగా కరిగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే డబ్బా మూత తీస్తే గాల్లో తేమ చెమటై చాక్లెట్ మీద కూర్చుని, చక్కెరని కరిగించి, ఆరాక చక్కెర పొడిగా మిగలడం ఇంకో రకం, అది గరుగ్గా ఉంటుంది. రెండూ తినొచ్చు, చూపే బాగుండదు. నూగు మాదిరి లేచి, వాసన మారితే మాత్రం అది నిజం బూజే, పడెయ్యండి. రెండో రకం రాకుండా ఉండాలంటే గాలి చొరబడని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక మూత తియ్యకుండా పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు తెరవాలి. గట్టి మూత ఇంకో పనికీ వస్తుంది, కొవ్వు పక్కన ఏ వాసనుంటే దాన్ని లాక్కుంటుంది, ఇడ్లీ పిండి, కోసిన ఉల్లిపాయ ఉన్న ఫ్రిజ్‌లో మూతలేని గిన్నెలో పెట్టారంటే కాఫీ ఫ్లేవర్ గురించి మర్చిపోవచ్చు. క్రీమ్ ఉన్నది కాబట్టి ఫ్రిజ్‌లో వారం లెక్క పెట్టుకోండి, బయట వదిలెయ్యొద్దు.

చిత్తూరుకో మద్రాసుకో చుట్టాలకి పట్టుకుపోవాలంటే పెంకు పూత ఉన్నవి వద్దు, కోకో పొడివే తీసుకోండి. ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి, స్టీల్ డబ్బాలో పేర్చి, డబ్బాని న్యూస్ పేపర్‌లో చుట్టి, ఐస్ ప్యాక్ పక్కన కూలింగ్ బ్యాగ్‌లో పెట్టి, పొద్దున మొదటి బస్సుకి బయల్దేరితే చిత్తూరు దాకా ఉండలుగానే పోతాయి. మధ్యాహ్నం బస్సు అయితే ఇంట్లోనే తినేసి పోండి.